ముందు లెక్క చెప్పండి

పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం

యురేనియం అనే మాట మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో రచ్చబండ దాకా వచ్చింది 2024 చివర్లోనే. దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ రిజర్వు అడవి ఆదోని అటవీ రేంజి కిందికి వస్తుంది. అందులో సుమారు 468 హెక్టార్ల మేర 68 బోర్లు వేసి ఖనిజం ఉందో లేదో చూస్తామని కేంద్రం కింద పనిచేసే అణు ఖనిజాల విభాగం ప్రతిపాదించింది. సంగతి తెలిసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రోడ్డెక్కారు. నవంబరులో ఆ ప్రతిపాదన ఆపేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఒకప్పుడు ఫ్యాక్షన్ వార్తల్లో మాత్రమే కనిపించిన కప్పట్రాళ్ళ పేరు, అలా ఒక మంచి పోరాటానికి పేపర్లకెక్కింది.

గొడవ సద్దుమణిగింది. ప్రశ్న మాత్రం మిగిలింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఊళ్ళో ఏ కాగితం వచ్చినా, ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. మా చిన్నాయన అడిగినాడు: "ఏమప్పా, నువ్వు సదివేది ఆ కిరణాల సదువే కదా. మన కొండల్లో ఆ మందుంటే ఇన్నేండ్లు దాని పక్కనే బతికినాం కదా. మనకేం కాలేదా, అయినా మనకు తెల్లేదా?"

మిత్రులారా, బడి మొహం చూడని మనిషి అడిగిన ఈ ప్రశ్నలో రెండు సగాలున్నాయి. రెండింటికీ జవాబు వేరు.

మొదటి సగం. రేడియేషన్ లేని చోటు భూమ్మీద లేదు. ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు పడుతుంటాయి. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి కిరణాలు వస్తుంటాయి. మనం తినే తిండిలో పొటాషియం ఉంది, అందులో కొంచెం రేడియోధార్మికమైనది. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా పొటాషియం పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. అన్నీ కలిపి మనిషికి ఏడాదికి అందేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకుంటే అందేది అందులో చాలా చిన్న భాగం. సీటీ స్కాన్ అయితే మాత్రం ఒక్క దెబ్బకు రెండు మూడేళ్ళ సహజ వాటా వచ్చేస్తుంది. చిన్న జ్వరానికి కూడా స్కాన్ రాయించుకుంటే గానీ వైద్యం జరిగినట్టు అనుకోని వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

మన ప్రాంతం గుండ్ల సీమ. ఆదోని కోట నిలబడిందే ఆ గుండ్ల మీద. గ్రానైట్‌లో, దాని జాతి రాళ్ళలో యురేనియం, థోరియం మామూలుగా సున్నపురాయిలో కంటే ఎక్కువ ఉంటాయి. కాబట్టి బేతంచెర్ల నాపబండల మీద పడుకున్నవాడికీ, గ్రానైటు గుండు పక్కన గుడిసె వేసుకున్నవాడికీ ఒకే లెక్క రాదు. అయితే ఆ తేడా చూసి ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేదు. కేరళలో కొల్లం దగ్గర కరునాగప్పళ్ళి తీరంలో మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ ఇతర ప్రాంతాల కంటే చాలా రెట్లు ఎక్కువ. తిరువనంతపురం క్యాన్సర్ కేంద్రం వారు అక్కడ సుమారు 70 వేల మందిని పదేళ్ళ పాటు గమనించారు. ఆ నేల రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగినట్లు కనిపించలేదని 2009లో ప్రకటించారు. కనుక "మన కొండలే మనల్ని చంపుతున్నాయి" అని పుకారు లేపేవాళ్ళను నమ్మనక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. పైన చెప్పిన 2.4లో దాదాపు సగం రేడాన్ అనే వాయువుది. రంగూ వాసనా లేని ఈ వాయువు నేలలోంచి, గోడల్లోంచి ఊరి గదిలో చేరుతుంది. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో ఇదొకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇంట్లో గాలి ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్‌లు దాటకుండా చూసుకోవాలని ఆ సంస్థ సూచన. మన పాత మిద్దెలకు గవాచి ఉండేది, తలుపులు రోజంతా తెరిచే ఉండేవి, గాలి పోయేది, దానితో పాటు ఇదీ పోయేది. ఇప్పుడు పట్నంలో కొండ మొదట్లో ఇరుకు సందుల్లో కట్టుకుంటున్న ఇళ్ళకు కిటికీ ఒకవైపే. కాస్త కలిగినవాళ్ళు ఏసీ పెట్టుకుని ఆ ఒక్కటీ మూసేస్తున్నారు. ఒక్కో గదిలో పాతిక ట్రంకు పెట్టెలు, పాతిక మంది పిల్లలు, దోమలకు భయపడి బిగించిన కిటికీలు. ఈ గది ఎక్కడిదో హాస్టల్లో చదివిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రం వారు హైదరాబాదు ఇళ్ళలో రేడాన్, థోరాన్ కొలిచారు. అదీ గుండ్ల మీద కట్టిన నగరమే. ఆదోని ఇళ్ళలో, ఎమ్మిగనూరు మగ్గాల గదుల్లో, మన డార్మిటరీల్లో ఎంత ఉందో కూడా అలాగే కొలిచి చెబితే తప్పేమిటి?

ఇక చిన్నాయన ప్రశ్నలో రెండో సగం: అయినా మనకు తెలియలేదా? ఇక్కడే నాకు అధికారుల మాట మీద కోపం వస్తుంది. సహజ రేడియేషన్ అంతటా ఉంటుంది కాబట్టి యురేనియం అంటే భయపడొద్దు అనే మాట అన్ని చోట్లా వినిపిస్తుంది. ఈ మాటలో మొదటి ముక్క నిజం, రెండో ముక్క దాన్నుంచి పుట్టదు. రాతి లోపల బిగిసి ఉన్న ఖనిజం వేరు, దాన్ని తవ్వి, పిండి చేసి, రసాయనాలతో కడిగి, మిగిలిన బురదను ఒక చెరువులో నిలవ పెట్టడం వేరు. 68 బోర్లు వేసినంత మాత్రాన ఊళ్ళు నాశనమైపోవు, ఆ సంగతి ఉద్యమం చేసినవాళ్ళూ ఒప్పుకోవాలి. కానీ బోరు వేసేది సరదాకు కాదు కదా! ఖనిజం దొరికితే తర్వాత ఏమిటన్నదే జనం అడిగింది.

తర్వాత ఏమిటో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, కడప జిల్లా తుమ్మలపల్లె చాలు. అక్కడ యురేనియం కార్పొరేషన్ గనికీ, శుద్ధి కర్మాగారానికీ 2007లో పునాది పడింది. వ్యర్థాల చెరువు వల్ల బోరునీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కె.కె. కొట్టాల వంటి ఊళ్ళ రైతులు ఫిర్యాదు చేశారు. ఆ నేలలో యురేనియం సహజంగానే ఉందనేది అవతలి పక్షం వాదన. ఎవరిది నిజం? గని రాకముందు ఊరూరా ప్రతి బోరు నీళ్ళూ పరీక్షించి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాసి ఉంటే ఈ వాదన ఒక్క పూటలో తేలిపోయేది. ముందు లెక్క లేని చోట పేదవాడి ఫిర్యాదు ఎప్పటికీ రుజువు కాదు.

నీళ్ళ విషయం మనకు మరీ ముఖ్యం. నీటిలో కరిగిన యురేనియం చేసే హాని ముఖ్యంగా కిరణాల వల్ల కాదు, విషపదార్థంగా మూత్రపిండాల మీద. లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. కాచి వడపోస్తే అది పోదు. కాలువ నీళ్ళు అందే ఊళ్ళ సంగతి సరే, తుంగభద్ర దిగువ కాలువ ముఖం చూడని ఊళ్ళు మన పడమటి మండలాల్లో ఎన్ని లేవు! సుగ్గికి గుంటూరు వైపు పోయి తిరిగొచ్చిన అమ్మానాన్నలు తాగేది బోరునీళ్ళే. రాతి పగుళ్ళలో లోతుకు పోయే కొద్దీ ఫ్లోరైడే కాదు, ఇదీ కరిగి రావచ్చు. ఫ్లోరైడుకు పళ్ళు గారపట్టి కనబడతాయి. దీనికి పైకి కనబడే గుర్తేమీ లేదు.

అందుకని నా అభిప్రాయం ఇది. కప్పట్రాళ్ళ ప్రతిపాదన ఆగింది కదా అని అందరూ ఇళ్ళకు పోయి పడుకోవడం సరికాదు. ఆగిన సమయమే కొలతకు సరైన సమయం. తవ్వకం కావాలనేవాళ్ళకూ, వద్దనేవాళ్ళకూ ఆ అంకెలు ఒకేలా పనికొస్తాయి. అణు ఖనిజాల విభాగం కార్యాలయం హైదరాబాదు బేగంపేటలోనే ఉంది. మన గుట్టల్లో వాళ్ళు ఇంతవరకు ఏం కొలిచారో, అందులో ప్రజలకు చెప్పదగ్గది ఎంతో అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మనకు ఇచ్చింది. దరఖాస్తు తెలుగులో రాయొచ్చు. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

వార్షికోత్సవానికి వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తమ ఊరి బోరు ఎన్ని అడుగులో, ఎప్పుడు వేశారో, నీళ్ళు తాగేందుకు వాడుతున్నారో లేదో ఒక కాగితం మీద రాసుకురండి. దరఖాస్తు నమూనా నేను రాసి తెస్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాలు పక్క వేపచెట్టు కింద కూర్చుందాం.