తీగ యుండియు వేగము లేదేల?



వైఫై మందగించినపుడు గోడలను, దూరమును నిందించి యూరకుండుట మన కలవాటు. కాని రౌటరు నుండి కంప్యూటరు వరకు తిన్నగా తీగ వేసికొనిన పిదప గూడ ఇంటర్నెట్టు నత్తనడక నడచినచో దేనిని నిందింపవలెను? ఈ నెల మాకు వచ్చిన జాబులలో నొకటి యీ సంగతినే యడుగుచున్నది. ఆ సోదరి యింటనుండియే యొక కార్యాలయమునకు లెక్కలు వ్రాయుచున్నారు. కుమార్తె పోటీపరీక్షకై కంప్యూటరులో పాఠములు వినుచున్నది. 300 మెగాబిట్టుల పథకమునకు నెలనెలా సొమ్ము చెల్లించుచుండగా, తీగతో పరీక్షించినను 94, 95 కు మించి వచ్చుట లేదట. పైగా పాఠము నడుమ నడుమ ఆగిపోవుచున్నదట. కంపెనీవారు "లోపము మాది కాదు, మీ కంప్యూటరుది" యనిరి. ఇంటివారు "ఇంతకంటె పెద్ద పథకమునకు మారుదము" అనుచున్నారు. "నాకీ యంత్రముల సంగతి తెలియదు గనుక, వారు చెప్పినట్లు విని యూరకుండవలసినదేనా?" యని యామె ప్రశ్న.

అక్కరలేదు. ఏ చోట వేగము ఆగిపోవుచున్నదో తెలిసికొనకుండ పథకము పెంచుట, గొట్టము పూడిపోయిన యింటిలో మేడమీద మరియొక నీళ్లతొట్టి కట్టించుట వంటిది. తొట్టి యెంత పెద్దదైనను కొళాయి ధార పెరుగదు, ఖర్చు మాత్రము పెరుగును. ఆ పూడిక యెచ్చటనో కనుగొనుటకు పెద్ద విద్య యేమియు వలదు. ఓపిక, ఒక కాగితము, ఒక కలము, మంచి తీగ యొకటి యున్న చాలును.

మొదట కొలత. కంపెనీవారు చెప్పునది మెగాబిట్టుల లెక్క. మనము దించుకొను ఫైలు ప్రక్కన కంప్యూటరు తరచుగా చూపునది మెగాబైట్ల లెక్క. ఎనిమిది బిట్టులు చేరి యొక బైటు. కావున 300 మెగాబిట్టుల వేగమున్న యింట ఫైలు సెకనునకు 37 మెగాబైట్ల చొప్పున వచ్చినచో అది మోసము కాదు, సరియైన వేగమే. ఈ రెండు కొలతలను కలగలిపి కలవరపడువారు పలువురు గలరు. తులములకును గ్రాములకును గల భేదము నెరిగిన మనకు ఇది కష్టము కాదు.

కొలుచునపుడు వైఫై నాపి, తీగతోనే కొలువవలెను. టెలివిజను, చరవాణులు, తక్కిన యంత్రములు అప్పటికి ఇంటర్నెట్టు వాడకుండ చూడవలెను. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి తొమ్మిది గంటలకు, మూడు దినములపాటు కొలిచి, పాలపద్దు వ్రాసినట్లు తేదీ, వేళ, అంకె వ్రాసికొనుడు. ఈ తొమ్మిది యంకెలే తరువాత మన చేతి సాక్ష్యము.

ఇప్పుడు ఆ సోదరి వ్రాసిన 95 అను నంకెను చూతము. అన్ని వేళల నొకే తీరున 94, 95 వద్ద నిలిచిపోవుట యాదృచ్ఛికము కాదు. అది యొక గుర్తు. తీగ కొనలనున్న రెండు యంత్రములును తమలో తాము మాటాడుకొని యొక వేగమునకు ఒడంబడును. ఆ వేగములు సామాన్యముగా 10, 100, 1000 అను మెట్లుగా నుండును. 100 మెట్టు మీద నిలిచినపుడు, ఉత్తరమునకు కవరు, చిరునామా వలె ప్రతి సమాచారఖండమునకును చేర్చు పైతొడుగునకు కొంత పోయి, మన కంటికి కనబడునది 94, 95 మాత్రమే. అనగా ఆ సోదరి యింటికి కంపెనీ 300 పంపుచున్నను, ఇంటిలో నెచ్చటనో 100 మెట్టు అడ్డుపడుచున్నదని చెప్పవచ్చును. అట్టి యింట 500 మెగాబిట్టుల పథకము గొన్నను వచ్చునది 95 ఏ.

ఈ అడ్డు ఏల కలుగును? ఆ తీగను కోసి చూచినచో లోపల ఎనిమిది సన్నని రాగితీగెలు, రెండేసి చొప్పున పెనవేసికొని, నాలుగు జంటలుగా నుండును: నారింజ, ఆకుపచ్చ, నీలము, గోధుమ రంగు. ఇట్లు పెనవేయుట వెలుపలి విద్యుత్తు కలిగించు సందడిని జంటలోని రెండు తీగెలును సమముగా పొంది, అది రద్దగుటకు. ఈ యుపాయమునకు అలెగ్జాండరు గ్రాహంబెల్లు 1881 లోనే పేటెంటు పొందెను. 1995 లో వచ్చిన 100 మెగాబిట్టుల పద్ధతికి రెండు జంటలు చాలును. 1999 లో వచ్చిన 1000 మెగాబిట్టుల పద్ధతికి నాలుగు జంటలును కావలెను. సాధారణముగా తీగను బిగించు వరుసలో, నారింజ, ఆకుపచ్చ జంటలు బాగుండి, నీలములోనో గోధుమరంగులోనో ఒక్క తీగె తెగినను, సరిగా తగులకున్నను, యంత్రములు 1000 విడిచి 100 కు దిగివచ్చును. ఇంటర్నెట్టు పూర్తిగా ఆగదు గనుక లోపమున్నదని యెవరికిని తోచదు. కొన్ని యిండ్లలో తీగ నమర్చినవారు మొదటనే రెండు జంటలు మాత్రము బిగించి పోవుటయు గలదు.

దీనిని పరీక్షించు విధము సులభము. విండోసు కంప్యూటరులో సెట్టింగులు తెరచి, నెట్‌వర్కు, ఇంటర్నెట్టు, ఈథర్నెట్టు అను వరుసలో పోయినచో లింకు స్పీడు అను మాట యెదుట 1000/1000 అనియో, 100/100 అనియో వ్రాసియుండును. 1000 ఉన్నచో తీగను గూర్చి చాలవరకు నిశ్చింతగా నుండవచ్చును. 100 ఉన్నచో అపరాధి ముగ్గురిలో నొకరు: తీగ, రౌటరు రంధ్రము, కంప్యూటరు రంధ్రము.

ముగ్గురిని ఒక్కసారి మార్చరాదు. కూర రుచి చెడినపుడు ఉప్పు, పులుపు, కారము ఒక్కసారి వేసినచో లోపమేదియో యెన్నటికిని తెలియదు గదా. మొదట తీగను మాత్రము మార్చి చూడుడు. పొరుగింటనుండి బాగుగా పనిచేయు తీగ నొకదానిని తెచ్చుకొనినను చాలును. అప్పటికిని 100 ఏ యున్నచో రౌటరులో మరియొక రంధ్రమున పెట్టి చూడుడు. అదియు ఫలింపకున్న వేరొక కంప్యూటరును తగిలించి చూడుడు. తక్కువ వెల రౌటరులలో అన్ని రంధ్రములును 100 కే పరిమితమైనవి గలవు. పాత కంప్యూటరులలోను అట్లే. రంధ్రమే లేని సన్నని ల్యాప్‌టాపులకు తగిలించు యూఎస్‌బీ అడాప్టరులలో గూడ 100 కు మించనివి గలవు. కొనునపుడు గిగాబిట్టు అను మాట యున్నదో లేదో పెట్టెమీద చదివి కొనుడు.

తీగయే చెడినదని తేలినచో విచారపడవలదు. వీనిలో నిది మిక్కిలి చౌకైన మరమ్మతు. క్యాట్ 5ఇ లేక క్యాట్ 6 అని తీగమీదనే ముద్రించియుండును. మన యిండ్ల కివి చాలును. ఇంతకంటె పెద్ద యంకె గల ఖరీదైన తీగలు వలదు. నూరు మీటర్ల పొడవు వరకు ఇవి 1000 వేగమును మోయగలవు. కావున పొడవు మన యిండ్లలో సామాన్యముగా అడ్డు కాదు. తీగను చెరచునవి వేరు: తలుపు సందున నలుగుట, మంచముకోళ్ల క్రింద పడుట, ఎలుకలు కొరకుట, మేకుల చుట్టు బిగించి త్రిప్పుట. కొసనున్న ప్లాస్టికు నాలుక విరిగినచో బిరడా వదులై, ఊడ్చునపుడు చీపురు తగిలినను లింకు తెగి మరల తగులుకొనుచుండును. కరెంటు తీగలతో కలిపి యొకే గొట్టములో నెన్నడును నడపరాదు. అది వేగమునకే గాక ప్రాణమునకును మంచిది కాదు.

ఇక పాఠము ఆగిపోవుటను గూర్చి. స్పష్టమైన వీడియో పాఠమునకు 5 మెగాబిట్టులు చాలును. కావున 95 వచ్చుచున్న యింట పాఠమాగుట వేగము చాలక కాదు. లింకు నడుమ నడుమ తెగుచుండవలెను, లేదా ఇంటినుండి వెలుపలికి పోవు దారి నిండిపోవుచుండవలెను. మొదటిది పైన చెప్పిన తీగలోపమే. రెండవదానిని తరచు మరతుము. ఇంటిలో నొకరి చరవాణి వందలకొలది ఫోటోలను దూరభాండారమునకు ఎక్కించుచున్న వేళ, పాఠము విను కంప్యూటరు పంపు చిన్న చిన్న విన్నపములు గూడ ఆ వరుస వెనుక నిలువవలసి వచ్చును. దించుకొను దారి ఖాళీగా నున్నను అడిగిన మాట వెలుపలికి పోనిదే జవాబు రాదు గదా. ఇట్టి పనులను పరీక్షల వేళల గాక రాత్రి యందరు నిద్రించినపుడు జరుగునట్లు ఏర్పరచుకొనుడు.

లింకు 1000 చూపుచు, ఉదయము వేగము బాగుండి, రాత్రివేళ మాత్రము పడిపోవుచున్నచో, లోపము ఇంటిలోనిది కాకపోవచ్చును. ఇప్పుడు మన యిండ్లకు ఇంటర్నెట్టు చాలచోట్ల వెండ్రుకవంటి గాజుదారము వెంట వెలుగు రూపమున వచ్చుచున్నది. వ్యాప్తిలోనున్న జీపాన్ అను పద్ధతిలో ఒక దారము మోయు 2,488 మెగాబిట్టులను వీధిలో చీల్చి 32 లేక 64 ఇండ్లకు పంచుచుందురు. అందరును ఒక్కసారి నిండుగా వాడినచో 64 లో నొక్కొక్క యింటికి దక్కునది 39 మెగాబిట్టులు లోపే. రాత్రి తొమ్మిదింటి రద్దీకి ఇదియొక కారణము. నెల చివరి దినములలోనే వేగము పడిపోయినచో, పథకమునందు నెలకింతయను పరిమితి దాటినదేమో కంపెనీవారి యాపులో చూచుకొనుడు. కొన్ని పథకములలో అది దాటగానే వేగమును తగ్గింతురు.

గాజుదారమును గూర్చి రెండు హెచ్చరికలు. అది తీగవలె మడచునది కాదు. వ్రేలికి చుట్టినట్లు గట్టిగా వంచినచో లోపలి వెలుగు ఒలికిపోవును. గోడ మూలలలో, బీరువా వెనుక అట్లు నలిగియున్నదేమో చూడుడు. రెండవది: ఊడిన దారపు కొసను కంటి కెదురుగా పట్టి చూడరాదు, పిల్లలను చూడనీయరాదు. ఆ వెలుగు కంటికి కనబడదు గాని కంటికి మంచిది కాదు. గోడ ప్రక్కనున్న పెట్టెలో ఎల్ఓఎస్ అను చోట ఎఱ్ఱదీపము వెలిగినచో దారములో వెలుగు అందుట లేదని యర్థము. అప్పుడు ఇంటిలో చేయవలసినది లేదు, కంపెనీవారినే పిలువవలెను. మన ఆంధ్రదేశమున 2017 డిసెంబరులో జాతికి అంకితమైన ఏపీ ఫైబర్‌నెట్టు వంటి పథకములలో దారములను విద్యుత్ స్తంభములమీదుగా నడిపినారు. తుపానుగాలికి కొమ్మ విరిగిపడినను ఇట్టి దారములకు గండమే.

కంపెనీవారితో మాటాడునపుడు "నెట్టు నెమ్మదిగా నున్నది" యని మాత్రము చెప్పినచో "రౌటరు నాపి మరల పెట్టుడు" అని చెప్పి తప్పించుకొందురు. నాపి పెట్టుట మంచిదే, ఒకసారి చేసి చూడుడు. ఫలింపకున్న ఇట్లు చెప్పుడు: "తీగతో కొలిచితిని. లింకు 1000 ఉన్నది. తీగను, కంప్యూటరును మార్చి చూచితిని. మూడు దినములు రాత్రి తొమ్మిదింటికి వచ్చిన యంకెలివి. మా యింటికి అందుచున్న వెలుగు బలమును కొలిచి చెప్పుడు." ఆ బలమును కొలుచు సాధనము వారి పనివాని సంచిలో నుండును. ఇంత చెప్పిన గృహిణిని "మీకు తెలియదు" అనుట యెవరికిని సులభము కాదు.

ఫిర్యాదు సంఖ్య నడిగి వ్రాసికొనుట మరువరాదు. ట్రాయి 2012 లో చేసిన నిబంధనల ప్రకారము ఆ సంఖ్య నిచ్చుట వారి విధి. తృప్తి కలుగనిచో ఆ కంపెనీలోనే పై యధికారికి రుసుము లేకుండ అప్పీలు చేసికొనవచ్చును. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమును 1915 అను సంఖ్యకు పిలువవచ్చును.

పద్దు వ్రాయుట, ఒక్కొక్కటిగా మార్చి చూచుట, చెడినదానిని మాత్రమే మార్చుట: ఇవి మన వంటయింటిలోను, సరకుల కొట్టులోను అనుదినము చేయుచున్న పనులే. క్రొత్త యంత్రము వచ్చినంతమాత్రమున ఆ తెలివి పనికిరాకపోదు. ఈ నెల మీ యింటిలో లింకు స్పీడు ఎదుట నేయంకె యున్నదో చూచి, మార్పు చేసినచో అంతకు ముందును తరువాతను వచ్చిన యంకెలను మాకు వ్రాసి పంపుడు. మీ యనుభవము మరియొక సోదరికి దారి చూపును.