కల్లంలో నీరుగంటి మేర

హిందీ రచయిత అనుపమ్ మిశ్ర 2009 నవంబరులో మైసూరు టెడ్ సభలో చేసిన ప్రసంగాన్ని మా చెరువు ఎండిపోయిన ప్రతి వేసవిలోనూ మళ్లీ వింటుంటాను. చెరువుల మీద ‘ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్’ రాసి, ఎవరైనా అచ్చు వేసుకోండని హక్కులు వదిలేసిన మనిషి ఆయన. 2016లో పోయారు. మైసూరులో తాను రాసే హిందీని పక్కనపెట్టి ఇంగ్లీషులో, బొమ్మలు చూపిస్తూ, రాజస్థాన్ ఎడారిలో జనం వాననీటిని ఎట్లా దాచుకున్నారో చెప్పారు. మన నీటి సభల్లో లాగా భయపెట్టలేదు. అందుకే ఆ మాటలు మనసులో నిలుస్తాయి.

ముఖ్యంగా కుయీ అనే చిన్న బావి సంగతి. ఆ ఎడారిలో భూగర్భజలం ఉప్పన. పైనంతా ఇసుక. కొన్నిచోట్ల ఆ రెంటికీ మధ్య జిప్సం పొర అడ్డుపడుతుంది. ఇంకిన వాన దాని మీద తేమగా నిలుస్తుంది. మనిషి పట్టేంత సన్నటి బావి తవ్వితే ఆ తేమే బొట్టుబొట్టుగా ఊరి, రోజుకు రెండు మూడు కుండల తియ్యటి నీళ్లవుతాయి. ఆయన చూపించిన జైగఢ్ కోటలోని 60 లక్షల గ్యాలన్ల తొట్టి కన్నా నాకు ఈ రెండు కుండలే గొప్పగా తోస్తాయి.

అయినా ఆ ప్రసంగంలో నాకొక లోటు కనబడుతుంది. కట్టడాలు నిండుగా ఉన్నాయి, వాటిలోకి దిగిన మనిషి తక్కువ. ఆయన మరో పుస్తకంలో ఆ మనిషి ఉన్నాడు. కుయీ తవ్వే చేజారో నెత్తిన లోహపు పాత్ర బోర్లించుకుని దిగుతాడు. లోపల ఊపిరాడాలని పైవాళ్లు పిడికిళ్లతో ఇసుక విసురుతారు. పంట నాడు కల్లంలో అతని పేర ఒక ధాన్యపు కుప్ప ఉండేదని, ఇప్పుడు కూలి మాత్రమే ఇచ్చి పని చేయించుకోవడమూ మొదలైందని మిశ్రగారే రాశారు. ఈ మాట మైసూరు వేదిక మీద కూడా చెప్పి ఉండాల్సింది.

నాకెందుకింత పట్టింపంటే, మా జేజినాయన కడప జిల్లాలో నీరుగంటి, అంటే చెరువు కట్టను, నీటి పంపకాన్ని చూసుకునేవాడు. ముసురు పట్టిన రాత్రి లాంతరు, పార పట్టుకుని కట్ట పొడవునా నడిచేవాడు. ఎండ్రకాయ బొక్కలో నీటి చెమ్మ కనిపిస్తే గడ్డి, బంకమన్ను కుక్కి మడమతో తొక్కేవాడు. ఏ మడికి ఎన్ని తడులో ఆయనకు తెలుసు. ఆ ఆయకట్టులో ఆయనకు సెంటు భూమి లేదు. ఊరి బావిలో చేద వేసే హక్కు మా ఇంటికి లేదు. అందరూ కొలుచుకున్నాక కల్లంలో మిగిలిన గింజల్లోంచి తువ్వాలు పరిచి తన వాటా మేర తీసుకునేవాడు. మిశ్రగారు పాతకాలపు సమాజం పనివాళ్లను గౌరవించిందంటారు. మా ఇంట్లో ఆ గౌరవం సగమే తెలుసు.

ఆ సగం గౌరవం రాతి మీదా కనిపిస్తుంది. మా జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాల్లో నేర్పరులైన పనివాళ్లను ఒకటిగా లెక్కపెట్టింది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అనీ చెప్పింది. ఆ వెయ్యిమందిలో ఒక్కడి పేరూ లేదు.

ఇప్పటి సంగతికొస్తే, తెలంగాణలో 2015లో చెరువుల బాగుకు మిషన్ కాకతీయ మొదలైంది. మా వైపూ పూడిక తీశారు, తూములు బాగుచేశారు. మంచి పనే. కానీ యంత్రం వెళ్లిపోయాక కట్ట ఎవరిదన్నది ఎవరూ తేల్చలేదు. చెరువు బాగుకు ఖర్చుపెట్టే ప్రతి పథకంలోనూ నీరుగంటి నెలజీతం ఒక పద్దుగా ఉండాలి. అందులో కొంత ఆయకట్టు రైతులు కూడా పెట్టుకోవాలి. కులం చూసి కాదు, పని తెలిసినవాణ్ణి చూసి ఇవ్వాలి.

మొన్నటి వానల్లో మా చెరువు తూము పక్కన నీరు కారుతోందని అర్ధరాత్రి ఊరంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. పార పట్టుకుని పోయిన మనిషి మాత్రం తెల్లవారేదాకా ఒక్కడూ లేడు.