వేంపల్లె రాయి, కర్నూలు ఖడ్గమృగం

వేసవి సెలవుల్లో వేంపల్లెలోని మా ఆపా ఇంటికి వెళ్ళినప్పుడు, మేనల్లుడు ఒక రాయిని తెచ్చి మా చేతిలో పెట్టాడు. దానిపై ఒకదానిలో ఒకటి ఇమిడిన అర్ధవలయాలున్నాయి. "మామూ, ఇది ఏనాటిదో గుర్రపు డెక్క గుర్తు కదా?" అని అడిగాడు. ఆలోచించకుండానే ఔనన్నాము. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసినప్పుడు మా తొందరపాటుకు సిగ్గుపడ్డాము.

వేంపల్లె ప్రాంతపు డోలమైటు రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరే పెట్టారు. వాటి వయస్సు దాదాపు 190 కోట్ల సంవత్సరాలు. అప్పటికి నేలపై చెట్టు లేదు, గడ్డి లేదు, నడిచే ప్రాణి లేదు. లోతు తక్కువైన సముద్రపు నీటిలో సూక్ష్మజీవులు చాపలా పరచుకొని, పొరపై పొరగా పేరుకున్న జాడలే ఆ వలయాలు. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. డెక్కల జంతువుల ఆనవాళ్ళు ఆ రాళ్ళలో ఉండే అవకాశమే లేదు.

అలాంటి ఎముకలు మన సీమలోనే, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల మట్టిలో దొరికాయి. 1844లో న్యూబోల్డ్ వాటిని ప్రస్తావించాడు. 1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపారు. ఆ ఎముకలను పరిశీలించిన లిడెకర్, 1886లో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరునే పెట్టి 'రైనోసెరాస్ కర్నూలియెన్సిస్' అన్నాడు. ఖడ్గమృగమూ డెక్కల జంతువే. దాని ప్రతి పాదానికి మూడు వేళ్ళు, ప్రతి వేలికి ఒక డెక్క. గుర్రానికి అది దూరపు బంధువు. నేడు దాన్ని అడవిలో చూడాలంటే అస్సాంలోని కాజీరంగా వంటి చోట్లకు వెళ్ళాలి. ఒకప్పుడు అది మన కరవుసీమలోనే మేసింది!

ఇలాంటి ఎముక విలువ అది ఉన్న పొరలోనే ఉంటుంది. ఏ లోతున, ఏ జంతువుల ఎముకల నడుమ ఉందో తెలిస్తేనే దాని కాలం తెలుస్తుంది. ముచ్చటపడి పెకిలించి ఇంటికి తెచ్చుకుంటే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. అందుకే గుహలు చూడబోయే కుటుంబాలు పిల్లలకు ముందే చెప్పాలి: కళ్ళతో చూడండి, చేతితో తీయకండి.

మేనల్లుడికి ఫోను చేసి, మేము చెప్పింది తప్పని ఒప్పుకున్నాము. తెలియనప్పుడు "తెలియదు, తెలుసుకొని చెబుతాను" అనడం పెద్దరికానికి తక్కువ కాదు. వాడు కాసేపు మౌనంగా ఉండి, "అయితే మామూ, నా రాయి గుర్రం కన్నా పాతదా?" అన్నాడు.

ఈసారి నిస్సంకోచంగా ఔనన్నాము.