గంట రేటు కాదు, గంటలే తక్కువ: యోగా చికిత్సకుల రాబడి

యోగా చికిత్సకుల సంపాదన రెండు అంకెల మీద నడుస్తుంది. గంటకు ఎంత, నెలకు ఎన్ని గంటలు. ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది మొదటి అంకె గురించే. జగిత్యాల, కోరుట్ల మధ్య ఉన్న మేడిపల్లి లాంటి మండలంలో ఇల్లు గడిచేదీ గడవనిదీ తేలేది మాత్రం రెండో అంకె దగ్గర.

గంట రేటుకు ప్రభుత్వమే ఒక కొలత పెట్టింది. దేశంలో 12,500 ఆయుష్ ఆరోగ్య కేంద్రాలను జాతీయ ఆయుష్ మిషన్ కింద నడపడానికి 2020 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇప్పుడు వాటిని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అంటున్నారు. తెలంగాణలో 400 పైచిలుకు ఆయుర్వేద, హోమియో, యునానీ డిస్పెన్సరీలు ఇలా మారాయి. ఒక్కో కేంద్రానికి ఇద్దరు పార్ట్ టైం యోగా శిక్షకులు ఉంటారు. పురుష శిక్షకుడికి నెలకు 32 సెషన్లు, 8,000 రూపాయలు. మహిళా శిక్షకురాలికి 20 సెషన్లు, 5,000 రూపాయలు. ఇద్దరికీ సెషన్‌కు పడేది 250 రూపాయలే. సెషన్ అంటే ఒక గంట.

ఈ 250ని పల్లెలో అందరికీ తెలిసిన కూలితో పోల్చి చూడవచ్చు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 307 రూపాయలు. 26 రోజులు పనికి పోతే 7,982 రూపాయలు వస్తాయి. యోగా శిక్షకుడి 8,000, ఉపాధి కూలీ నెల మొత్తం దాదాపు ఒక్కటే. తేడా అల్లా ఒకరు 32 గంటల్లో, మరొకరు 26 పగళ్లు ఎండలో సంపాదించడం. కాబట్టి గంటకు 250 అన్యాయమైన రేటేమీ కాదు. కానీ 32 గంటలతో నెల గడవదు. మిగతా సమయానికి మరో పని చూసుకోక తప్పదు. ప్రైవేటు బడిలో వ్యాయామ పాఠాలు చెప్పడమో, ఊళ్లో దుకాణం నడపడమో, పొలం చూసుకోవడమో పక్కన ఉంటేనే ఈ గౌరవ వేతనం అక్కరకొస్తుంది.

శిక్షకుడు వేరు, చికిత్సకుడు వేరు. ఆరోగ్యంగా ఉన్న పదిమందిని కూర్చోబెట్టి ఆసనాలు, ప్రాణాయామం చేయించేవారు శిక్షకులు. నడుము నొప్పి, బీపీ, షుగర్, ఆస్తమా ఉన్న మనిషి పరిస్థితి తెలుసుకుని, డాక్టరు ఇచ్చిన కాగితాలు చూసి, ఏది చేయాలో ఏది చేయకూడదో తేల్చి చేయించేవారు చికిత్సకులు. డిస్క్ జారిన మనిషికి పశ్చిమోత్తానాసనం, బీపీ అదుపులో లేని మనిషికి శీర్షాసనం చేయిస్తే మేలు పోయి కీడు మిగులుతుంది. ఆ తేడా తెలిసినందుకే చికిత్సకులకు ఎక్కువ ఫీజు అడిగే హక్కు ఉంది.

కేంద్ర ఆయుష్ శాఖ ఆధ్వర్యంలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు ఈ రెండు దారులను విడదీసింది. బోధన వైపు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ స్థాయికి 200 గంటలు, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కు 400 గంటల శిక్షణ ప్రమాణం. చికిత్స వైపు మొదటి మెట్టు అసిస్టెంట్ యోగా థెరపిస్టుకే 800 గంటలు కావాలి. యోగా థెరపిస్టుకు 1,600. ఆ పైన థెరప్యూటిక్ యోగా కన్సల్టెంట్ ఉంటారు. అంటే చికిత్సకులు కావడానికి పెట్టాల్సిన కాలం, మొదటి మెట్టు శిక్షకులు పెట్టేదానికి నాలుగు నుంచి ఎనిమిది రెట్లు. జీతాలు మాత్రం ఆ నిష్పత్తిలో పెరగవు. ఆయుష్ మందిరంలో 1,600 గంటలు చదివిన మనిషి చేరినా సెషన్ రేటు 250 దాటదు. ఈ వృత్తికి ఉన్న అసలు చిక్కు ఇదే. పోస్టు శిక్షకుడిది, వచ్చేవాళ్లు రోగులు.

జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఆ రోగులు ఎవరో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కల వేల ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఒడిలో చాట, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు, పక్కన దారం ఉండ. మెడ ముందుకు వంచి, భుజాలు కుంచించుకుని, గోడకు ఆనుకునో ఆనుకోకుండానో పొద్దంతా నేల మీద కూర్చోవాలి. చేతి వేళ్లు తప్ప ఒళ్లు కదలదు. కొన్నేళ్లకు మెడ పట్టేయడం, నడుము లాగడం, మోకాళ్లు ముడవలేకపోవడం మామూలైపోతాయి. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లది ఇంకో రకం బాధ. షిఫ్టు పొడవునా నిలబడి సాంచెల మధ్య తిరగడం, చెవులు గింగురుమనే చప్పుడు, ముక్కులోకి పోయే నూలు దుమ్ము. దుబాయి, మస్కట్, సౌదీల నుంచి తిరిగొచ్చిన మగవాళ్లలో బరువులు ఎత్తి నడుము పోగొట్టుకున్నవాళ్లు, వేళాపాళా లేని తిండితో షుగర్ తెచ్చుకున్నవాళ్లు తక్కువేమీ లేరు.

వీళ్లకు యోగా పనికొస్తుందన్నది ఒట్టి నమ్మకం కాదు. పాత నడుము నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగిన పద్ధతుల్లో యోగాను అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో చేర్చింది. అదే ఏడాది బోస్టన్‌లో 320 మంది మీద జరిగిన అధ్యయనం, 12 వారాల యోగా తరగతులు ఫిజియోథెరపీకి తీసిపోలేదని తేల్చింది. అక్కడ పాల్గొన్నవాళ్లు ఎక్కువగా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లవాళ్లే కావడం ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి.

అవసరం ఇంత ఉన్నా అది చికిత్సకుల జేబులోకి డబ్బుగా ఎందుకు చేరదు? రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని 800 బీడీలు చుట్టే మనిషికి గంట అంటే 100 బీడీలు. యోగాకు ఫీజు ఏమీ లేకపోయినా ఆమె ఆ 100 బీడీల కూలి వదులుకుని రావాలి. పైగా ఫీజు కట్టాలంటే? సెషన్‌కు 300 రూపాయలు, వారానికి మూడు సెషన్లు అనుకుంటే నెలకు 3,600. రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు ఇచ్చే భృతి నెలకు 2,016 రూపాయలు. భృతి మొత్తం పోసినా ఆ ఫీజు తీరదు. నొప్పి ఎక్కువ ఉన్న ఇంట్లో డబ్బు లేదు. డబ్బున్న ఇంటికి జగిత్యాలలో, కరీంనగర్‌లో ఫిజియోథెరపీ, పెద్దాసుపత్రులు అందుబాటులో ఉన్నాయి.

అందువల్ల ఈ ప్రాంతంలో సొంతంగా ప్రాక్టీసు పెట్టే చికిత్సకుల వ్యక్తిగత సెషన్లకు వచ్చేది ఎక్కువగా టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారులు, గల్ఫ్ డబ్బు వచ్చే ఇళ్ల పెద్దవాళ్లు. వీళ్లకు వీలయ్యే వేళలు రెండే. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర. మేడిపల్లి నుంచి కోరుట్లకో జగిత్యాలకో బండి మీద పోయి ఇళ్లు తిరిగితే రోజుకు నాలుగు సెషన్లకు మించి కుదరదు. లెక్క కోసం సెషన్‌కు 300 అనుకుంటే, 26 రోజులకు 104 సెషన్లు, 31,200 రూపాయలు. ఇది పైకప్పు. పెళ్లిళ్లు, తీర్థాలు, చావులు, వరి నాట్లు, కోతలు, పసుపు ఉడకబెట్టే రోజులు, బడి పరీక్షలు వస్తాయి. నాలుగోవంతు సెషన్లు తప్పిపోయాయనుకుంటే మిగిలేవి 78, వచ్చేది 23,400. పెట్రోలుకూ బండి రిపేర్లకూ 3,000 పోతే చేతికి 20,000 చిల్లర. అదీ మనుషులు నిలకడగా వచ్చే రెండో మూడో ఏడాది సంగతి. మొదటి ఏడాది అందులో సగం వస్తే బాగా వచ్చినట్టే.

ఇంకో నష్టం కూడా లెక్కలోకి రావాలి. నొప్పి తగ్గగానే మనిషి మానేస్తాడు. చికిత్స బాగా చేస్తే రోగి త్వరగా వెళ్లిపోతాడు, సరిగా చేయకపోతే ఇంకా ముందే వెళ్లిపోతాడు. డాక్టర్లు పంపే రోగులు ఉంటేనే ఆ ఖాళీ నిండుతుంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఎముకల విభాగం, మానసిక వైద్య విభాగం డాక్టర్లతో పరిచయం పెంచుకుని, తన దగ్గరికి వచ్చిన మనిషి వివరాలు రాసి తిరిగి డాక్టరుకు పంపే చికిత్సకుల దగ్గర మనుషులు నిలుస్తారు. మందులు మానిపించేవాళ్ల దగ్గరికి ఏ డాక్టరూ రోగిని పంపడు.

పెద్ద జీతాలు కావాలంటే చదువు మార్చుకోవాలి. మొదటి దారి ప్రకృతి చికిత్స. తెలుగు నేల మీద దానికి పాత పునాది ఉంది. జర్మన్ ప్రకృతి చికిత్సకుడు లూయీ కూనే పుస్తకాన్ని ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తేవడంతోనే దేశంలో ఆ ఉద్యమం మొదలైందని చెబుతారు. హైదరాబాద్ బల్కంపేటలోని ప్రకృతి చికిత్సాలయం, దాని పక్కనే గాంధీ నేచురోపతిక్ మెడికల్ కాలేజీ ఆ పరంపరలోవే. అక్కడ చదివే బీఎన్‌వైఎస్ కోర్సు నాలుగున్నరేళ్లు, ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ పట్టా ఉన్నవాళ్లు డాక్టర్లుగా ప్రకృతి చికిత్సాలయాల్లో, ఆయుష్ విభాగాల్లో చేరతారు. రెండో దారి బోధన. యూజీసీ నెట్ పరీక్షలో 2017 జనవరి నుంచి యోగా ఒక సబ్జెక్టు. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. ఆయుష్ మందిరం 8,000కు ఇది ఏడు రెట్లు దాటింది. కాకపోతే అలాంటి పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఆన్‌లైన్ పాఠాలతో గంటలు పెంచుకోవడం మరో మార్గం. ఇక్కడ వేళల లెక్క ముఖ్యం. మనకు పొద్దున ఆరున్నర అయినప్పుడు న్యూయార్క్‌లో వేసవిలో రాత్రి తొమ్మిది. అంటే అమెరికా తెలుగువాళ్ల రాత్రి తరగతి, ఊళ్లో ఇళ్లు తిరగాల్సిన పొద్దుటి వేళతో ఢీకొంటుంది. దుబాయి మనకన్నా గంటన్నర వెనుక. అక్కడ సాయంత్రం ఆరు గంటలకు ఇక్కడ ఏడున్నర, ఊరి సెషన్లు ముగిసే వేళ. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల మనుషులు గల్ఫ్‌లో ఎంతమంది ఉన్నారో చూస్తే, ఇక్కడి చికిత్సకులకు సహజంగా కుదిరే ఆన్‌లైన్ గిరాకీ అదే. అక్కడికే పోయి పనిచేయాలనుకునేవాళ్లకు కూడా తలుపు పూర్తిగా మూసి లేదు. సౌదీ అరేబియా 2017 నవంబరులో యోగాను క్రీడగా గుర్తించింది. అక్కడ దాన్ని వ్యాపింపజేసిన నౌఫ్ మర్వాయికి 2018లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూసుకోవాలన్న పాఠం గల్ఫ్ పోయే ఏ పనికైనా ఒకటే.

ఖర్చులు, చట్టాల వైపు నాలుగు మాటలు. ఆయుష్ చికిత్సలకు మిగతా వైద్యంతో సమానంగా బీమా ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు నిబంధన పెట్టింది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్లకే ఉపయోగం. ఇంటికొచ్చి చేయించే గంటకు బీమా డబ్బు వస్తుందని లెక్కలు వేసుకోకూడదు. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ బెడద లేదు. షుగర్ మాయం చేస్తామని గోడల మీద రాస్తే మాత్రం 1954 నాటి ప్రకటనల చట్టం కిందికి వస్తుంది. పేరు ముందు డాక్టరు అని పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం. ఆయుర్వేద, యునానీలకు 2020 చట్టంతో జాతీయ కమిషన్ వచ్చింది కానీ యోగా అందులో లేదు. చికిత్సకులకు చట్టబద్ధమైన నమోదు లేదు, కనీస ఫీజూ లేదు.

ఇవన్నీ కూడితే మేడిపల్లి మండలంలో అర్హత ఉన్న చికిత్సకుడు ఆయుష్ పోస్టునూ సొంత సెషన్లనూ కలిపి నెలకు 15,000 నుంచి 25,000 దాకా ఆశించవచ్చు. సాయంత్రం ఆన్‌లైన్ తరగతి నిలదొక్కుకుంటే కొంత పైకి పోవచ్చు. చికిత్సకురాలికి ఆయుష్ నుంచి వచ్చేది 3,000 తక్కువ. చీకటితో బయల్దేరి పరాయి ఇళ్లకు తిరగడం ఆమెకు మరింత కష్టం కాబట్టి సొంత సెషన్లు కూడా తగ్గుతాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లు మగ శిక్షకుడి ముందు పడుకుని ఆసనాలు వేయడానికి మొగ్గు చూపరు. ఎక్కువ గంటలు కావాల్సిన చోటే ఆయుష్ మార్గదర్శకాలు ఆమెకు 20 సెషన్లు రాశాయి. బీడీ ఊళ్లలోని ఒక్కో కేంద్రంలో ఆమె సెషన్లు 20 నుంచి 40కి పెంచితే నెలకు అదనంగా 5,000, ఏడాదికి 60,000 రూపాయలు అవుతుంది. ఆయుష్ మిషన్ ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో పంచుకుంటాయి. అంటే ఒక కేంద్రానికి రాష్ట్రం వాటా ఏడాదికి 24,000.