పడిన బండితోనూ ప్రమాదమే!

మానవపాడు నుంచి కర్నూలు ఎంత దూరం? ‘అదెంత... బండెక్కితే అరగంట’ అంటారెవరైనా. పెద్దాసుపత్రికైనా, పెళ్లిబట్టలకైనా కర్నూలే. 44వ జాతీయ రహదారి ఎక్కి అలంపూర్ చౌరస్తా, తుంగభద్ర వంతెన దాటి వెళ్లిరావడం అలవాటైపోయింది. చిక్కల్లా ఆ అలవాటుతోనే. మనకది కర్నూలు దారి. రాత్రంతా దూసుకెళ్లే బస్సులకు మాత్రం హైదరాబాద్-బెంగళూరు హైవే!

ఆ తేడా ఎంత ఘోరానికి దారితీస్తుందో 2025 అక్టోబరు 24న చూశాం. తెల్లవారుజామున మూడు గంటల వేళ కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు ట్రావెల్స్ బస్సు కాలిపోయింది. హైదరాబాద్ వైపు నుంచి మన చౌరస్తా మీదుగా వెళ్లిన బస్సే అది. అందులోని 19 మంది బతికి బయటపడలేదు. అది ఢీకొన్నది ఏ లారీనో కాదు, రోడ్డు మీద పడి ఉన్న మోటారుసైకిల్‌ని! బస్సు రాకముందే ఆ బండి అదుపుతప్పి పడింది. నడుపుతున్న యువకుడు చనిపోయాడు. అతను మద్యం తాగి ఉన్నట్టు దర్యాప్తులో తేలింది. వెనక కూర్చున్న స్నేహితుడు అతణ్ని పక్కకు లాగాడు. బండిని కూడా తీద్దామనుకునేలోపే బస్సు వచ్చి దాన్ని ఈడ్చుకుపోయింది. పెట్రోలు కారింది, మంటలు లేచాయి. బస్సు అంత వేగంగా ఎందుకు అంటుకుందన్నది వేరే చర్చ... అదీ జరగాల్సిందే.

బండి నడపడం అందరికీ వచ్చు. పడ్డాక ఏం చేయాలో మనకెవరు నేర్పారు?

ఒక్క లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. చీకట్లో పడున్నది బండి అని పోల్చుకుని డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేసరికి రెండు సెకన్లు పట్టిందనుకుంటే, 44 మీటర్లు అయిపోయినట్టే. ఆపైన బస్సు ఆగడానికి పట్టే దూరం అదనం.

అందుకే, లేవగలిగితే ముందు మనుషులు రోడ్డు పక్కకు రావాలి. వాహనాలు రావట్లేదని చూసుకుని తాళం ఆపి బండినీ పక్కకు లాగాలి. కదలకపోతే దాని దగ్గరే నిలబడొద్దు. రోడ్డు అంచునే వాహనాలు వచ్చే వైపు కనీసం వంద మీటర్లు నడిచి వెళ్లి, సెల్‌ఫోన్ టార్చి ఊపండి. 108కి, హైవే వాళ్ల 1033కి ఫోన్ చేయండి. దారిన పోయేవాళ్లు ‘పోలీసు కేసవుతుందేమో’నని జంకక్కర్లేదు. సాయం చేసినవాళ్లు ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనవసరం లేదని చట్టమే చెబుతోంది.

అసలు పడకుండా ఉండటం మాటేమిటి? మద్యం సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మన పల్లెల్లో ఎక్కువగా పట్టించుకోనిది వెనక ఎర్రలైటు. మిర్చి బస్తానో, గడ్డిమోపో కట్టామంటే అది మూసుకుపోతుంది. వెనక వచ్చే లారీకి మనం లేనట్టే! ఇక రాంగ్ రూటు. యూటర్న్ దూరమని ఎదురు వెళ్తే, మన 40, లారీ 80 కలిసి 120 వేగంతో దగ్గరవుతాం. ఆ రెండు కిలోమీటర్ల పెట్రోలు ఖర్చెంతని? హెల్మెట్ ఉంటే సరిపోదు, గడ్డం కింద క్లిప్పు పడాలి.

వెనక అమ్మో, అక్కో కూర్చుంటే చీరకొంగు, చున్నీ చక్రంలో పడకుండా చూడాలి. వెనక చక్రానికి సగం వరకైనా రక్షణ కవచం ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి. బండి చూడటానికి బాగుండదని కుర్రాళ్లు దాన్ని పీకేస్తుంటారు. మీ ఇంట్లో బండికి ఉందో లేదో ఒకసారి చూడండి. అలాగే ఎర్రలైటు మీది దుమ్మూ తుడవండి.