ఇంటిపేరు ఎవరింటిది?

మా ఆమదాలవలసలో ఉన్న రైలు స్టేషన్ పేరు ఆమదాలవలస కాదు, శ్రీకాకుళం రోడ్. ఇంగ్లీషువాళ్ళ కాలంలో చికాకోల్ రోడ్ అనేవారు. ఇప్పటికీ రైల్వేవారి లెక్కల్లో ఈ స్టేషన్‌కి సి, హెచ్, ఇ అని మూడక్షరాల గుర్తు ఉంది చూడండి, అది ఆ పాత చికాకోల్ తాలూకు ముక్కే. నేల మాది, పట్టాలు పడింది మా ఊళ్ళో, పేరు మాత్రం పక్క పట్నానిది. ఇదేం న్యాయమని మా ఊళ్ళో మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని వాపోతూంటే నాకు లోలోపల నవ్వొస్తుంది. ఇదే పని ప్రతి మాఘమాసంలోనూ ఆడపిల్లలకి జరుగుతూంటే అరుగు మీద ఒక్కరూ నోరు మెదపరు గదా!

నేను చెప్పబోయేది ఇంటిపేరు సంగతి. ఇంటి పేరు! ఇల్లు ఊడ్చేదెవరు? ఇంటి ముందు ముగ్గు పెట్టేదెవరు? ఇంట్లో దీపం పెట్టేదీ, అటక మీద ఆవకాయ జాడీ ఎక్కడుందో ఎరిగినదీ ఎవరు? ఆవిడకే సొంత ఇంటిపేరు లేదు. పాతికేళ్ళు ఒకటి, ఆ తరవాత ఇంకొకటి.

అసలీ ఇంటిపేర్లు ఆకాశంలోంచి ఊడిపడినవి కావు. నన్నయగారిని నన్నయ భట్టారకుడంటామే గాని ఇంటిపేరు పెట్టి పిలవం. 13వ శతాబ్దానికొచ్చేసరికి తిక్కనగారు కొట్టరువువారు, రంగనాథ రామాయణం రాసిన బుద్ధారెడ్డిగారు గోనవారు. కొట్టారు అంటే ధాన్యం నిలవచేసే చోటు. అంటే పూర్వం ఎవరో చేసిన కొలువు తరవాతివారికి ఇంటిపేరై కూర్చుందన్నమాట. ఇంకా ఎక్కువ భాగం ఊళ్ళ పేర్లే. ఊరు విడిచి వలస పోయినవాడికి కొత్త ఊరివాళ్ళు పెట్టిన గుర్తది. సొంత ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరుతో పిలిచే అవసరం ఎవరికుంటుంది? కృష్ణా జిల్లాలో గురజాడ అనే ఊరుంది. విజయనగరంలో స్థిరపడిన అప్పారావుగారి పూర్వులు అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. మా పక్కనే చింతాడ ఉంది, పొందూరు వైపు వెళితే లోలుగు ఉంది. ఆ రెండూ మా జిల్లాలో ఎన్ని గడపలకి ఇంటిపేర్లో! హరికథా పితామహుడు నారాయణదాసుగారికి ఆదిభట్ల అని ఇంటిపేరుంటే, పుట్టిన అజ్జాడ కూడా ముందొచ్చి చేరింది. ఇక ఒరిస్సా సరిహద్దు గనుక పట్నాయకులు, పాణిగ్రాహులు, మహంతులు మాకు కొత్తవాళ్ళు కారు. గేదెలవారు, పులివారు, నక్కావారు, పెరుగువారు, పప్పువారు, అల్లంవారు చెప్పనే అక్కర్లేదు. తేళ్ళ సత్యవతిగారనే విదుషీమణి తెలుగువారి ఇంటిపేర్ల మీద పరిశోధన చేసి పుస్తకమే రాశారు. ఆడవాళ్ళకి నిలకడ లేని వస్తువు మీద ఒక ఆడమనిషే కూర్చుని అంత పని చెయ్యడం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇంతకీ నా మాట ఏమిటంటే, ఇంటిపేరంటే ఎక్కణ్ణుంచి వచ్చావని చెప్పే గుర్తు. మరి మన సమాజంలో ఒక చోటు విడిచి ఇంకో చోటికి నిక్కచ్చిగా వలస పోయేదెవరు? ఆడపిల్ల. వలస పోయినవాళ్ళకి పాత ఊరి పేరు మిగలాలన్నదే ఈ ఆచారం మొదలైన తీరైతే, పుట్టింటిపేరు అందరికన్నా ముందు ఆడదానికి మిగలాలి. ఇక్కడ మాత్రం లెక్క తిరగబడింది.

పూర్వం ఇంత అన్యాయం లేదేమో అనిపిస్తుంది నాకు. మా అమ్మమ్మ తరంలో తోడికోడళ్ళు ఒకరినొకరు పుట్టినూరి పేరుతోనే పిలుచుకునేవారు. ఎనభయ్యేళ్ళు వచ్చి మనవలకి పెళ్ళిళ్ళయ్యాక కూడా మా వీధిలో ఒకావిడ 'పొందూరమ్మ'గానే ఉండిపోయింది. కాగితాల్లో ఆవిడ పేరేమిటో ఎవరికీ పట్టలేదు. కాగితాలొచ్చాయి, కాలమ్‌లొచ్చాయి, తంటా వచ్చింది.

మీ వంటింట్లోకి వెళ్ళి పాత స్టీలు బిందె ఒకటి తిరగేసి చూడండి. సారె కావిళ్ళతో వచ్చిన సామాను మీద పేరు కొట్టించేవారు గదా. మా అమ్మ గంగాళం అంచున ఆవిడ పుట్టింటి పొడి అక్షరం ఇప్పటికీ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. యాభై ఏళ్ళు చింతపండు పెట్టి తోమినా అరగలేదు. రేషన్ కార్డు మీద నించి, ఓటర్ల జాబితాలో నించి, బ్యాంకు పుస్తకంలో నించి ఎప్పుడో ఎగిరిపోయిన పేరు గంగాళం మీద బతికుంది.

పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని చట్టంలో ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే వారికి నేను పూర్ణాలు వండి పెడతాను. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో అలాంటి సెక్షనేదీ లేదు. పెళ్ళయిన ఆడవాళ్ళు పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కర్లేదని 2017 ఏప్రిల్‌లో సాక్షాత్తూ ప్రధానమంత్రే చెప్పారు. అయినా కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి, "మరి మీవారి ఇంటిపేరు రాయలేదేంటమ్మా?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకి ఎమ్మే చదివిన అమ్మాయి కూడా తడబడి, కొట్టేసి, వారిది రాసేస్తుంది. చట్టం చెయ్యని పని ఒక బాల్‌పెన్ను చేసేస్తుంది!

"ఆ ఇంటికి వెళ్ళింది గనక ఆ ఇంటిపేరు" అంటారు పెద్దలు. బాగానే ఉంది. మరి ఇల్లరికపు అల్లుడు? అత్తవారింట మకాం, అత్తవారి పొలం, అత్తవారి పాడి. నిండు నూరేళ్ళూ అక్కడే ఉన్నా ఆయన ఇంటిపేరు ఇసుమంతైనా కదలదు. పైగా ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన భార్యకి ఆయన ఇంటిపేరు తగిలిస్తారు! గడప దాటని పిల్లకి పేరు మారింది, గడప దాటి వచ్చినవాడికి మారలేదు. ఇంక ఇందులో ఇంటి ప్రసక్తి ఎక్కడుందో నాకైతే తెలియదు.

మగవాడికి ఇంటిపేరు మారే సందర్భం ఒకటుంది, దత్తత. శ్రీశ్రీగారు పుట్టింది పూడిపెద్దివారింట, దత్తత మూలాన శ్రీరంగంవారయ్యారు. కాని దత్తుడికి పేరుతోపాటు ఆ ఇంటి ఆస్తి కూడా సంక్రమిస్తుంది. కోడలికి పేరొక్కటే దత్తత. మేనరికాల్లో ఇంకో తమాషా ఉండేది. మేనమామ కొడుకుని చేసుకున్న పిల్లకి, తల్లి పోగొట్టుకున్న ఇంటిపేరు తిరిగొచ్చేది. వడ్డీ లేకుండా అసలు చేతికొచ్చినట్టు! డాక్టర్లు వద్దన్నాక ఆ దారీ మూతపడుతోంది.

ఈ మధ్య మన మగవాళ్ళకి కూడా ఇంటిపేరు దిగులు పట్టుకుంది సుమండీ. పాములపర్తి వెంకట నరసింహారావుగారిని లోకమంతా 'రావు' అంది, పాములపర్తి ఎక్కడో మడతల్లో ఉండిపోయింది. అమెరికా వెళ్ళిన కుర్రాడికి ఇంటిపేరు ముందు నించి వెనక్కి పోతుంది, నాదెళ్ళ సత్యనారాయణ గారు సత్య నాదెళ్ళ అయినట్టు. రెడ్డి, రావు, నాయుడు అనే తోకలు అక్కడ ఇంటిపేర్లుగా చలామణీ అవుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే, ఉన్న ఒక్క పేరునీ అమెరికా వీసావాళ్ళు ఇంటిపేరు గడిలోకి నెట్టి, అసలు పేరు 'తెలియదు' అని రాసేస్తారు. 2022 నవంబరులో ఎమిరేట్స్‌వాళ్ళు ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిటింగ్ వీసా మీద వచ్చేవాళ్ళని రానివ్వమన్నారు. దీని మీద మన సోదరులు ఎంత గగ్గోలు పెట్టారని! తెలుగువాడి ఉనికికే ముప్పు వచ్చిందన్నారు. పేరు ముందు నించి వెనక్కి జరిగినందుకే ఉనికి పోతే, మొత్తం తీసేసి ఇంకొకటి అంటించినవాళ్ళకి ఏం పోయినట్టో వారే చెప్పాలి.

పేరులో ఏముంది లెద్దూ అంటారా? భూమి ఉంది. 1986లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశం మొత్తానికి ఆ సంగతి 2005 వరకూ తట్టలేదు. కూతురికి అది పుట్టుకతో వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇంత పెద్ద చట్టం చేతిలో ఉన్నా ఏం జరుగుతోంది? మా వీధిలో ఒకావిడ తండ్రి పోయాక తన వాటా కోసం ఒక కార్యాలయానికి వెళ్ళింది. చదువుకున్న సర్టిఫికెట్ మీద ఒక ఇంటిపేరు, ఆధార్ మీద ఒకటి. "ఈవిడా ఆవిడా ఒకరేనని రుజువేటి?" అన్నారట. అన్నదమ్ములకి ఆ ప్రశ్నే రాలేదు. వాళ్ళ పేరే వాళ్ళకి రుజువు. ఆవిడ అఫిడవిట్లనీ, సాక్షులనీ ఏడాదిన్నర తిరిగింది. ఇంకొకరైతే, "పోనీలెండి, తమ్ముడే అనుభవిస్తాడు" అని ఊరుకునేవారు. చాలామంది ఊరుకుంటున్నారు కూడా. అసలు ఆ అలసట మీదే కొన్ని కుటుంబాల్లో లెక్కలు నడుస్తున్నాయని నా అనుమానం.

పిల్లల విషయంలో ఇంకా పట్టుదల. 2022 జూలైలో సుప్రీంకోర్టు ముందుకి మన తెలుగు కుటుంబం దావా ఒకటి వచ్చింది. భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఒక తల్లి, బిడ్డకి కొత్త ఇంటిపేరు పెట్టింది. తాత నాయనమ్మలు ఒప్పుకోలేదు. పాత ఇంటిపేరే ఉంచాలని హైకోర్టు అంది, కాగితాల్లో రెండో ఆయన్ని మారుతండ్రి అని రాయాలంది. సుప్రీంకోర్టు ఆ మాటని కొట్టేసి, బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లి గనుక ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆవిడదేనంది. తొమ్మిది నెలలు మోసినామెకి ఆ హక్కుందని చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోవలసి వచ్చింది, చూశారా!

"పుట్టింటిపేరు మాత్రం ఎవరిదమ్మా? అదీ ఓ మగవాడిదేగా, మీ నాన్నగారిది" అని ఎత్తిపొడిచే మేధావులు ఎప్పుడూ ఉంటారు. నిజమే. ఆయనగారి ఇంటిపేరు కూడా వాళ్ళ నాన్నగారిదే. మరి అది ఆయన సొంతం ఎలా అయింది? పుట్టుకతో వచ్చింది గనక. నాకూ అంతే. ఆతుకూరి కేసన కూతురు ఐదు వందల ఏళ్ళయినా ఆతుకూరి మొల్లే. వెంగమాంబగారిని ఏ భర్త ఇంటిపేరూ అంటుకోలేదు, పుట్టిన ఊరు తరిగొండే ఆవిడ ముందు నిలిచింది. ఆ తరవాతి కాలం చూడండి. అబలా సచ్చరిత్ర రత్నమాల రాసిన అచ్చమాంబగారు భండారువారి కోడలు. విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆవిడకి స్వయానా తమ్ముడు. పేర్లు పక్కపక్కన పెడితే ఒక్క తల్లి బిడ్డలని ఎవరైనా పోల్చుకోగలరా?

ఇది మన ఒక్కరి రోగమూ కాదు, మందు లేనిదీ కాదు. జపాన్‌లో మొగుడూ పెళ్ళాలకి ఒకటే ఇంటిపేరుండి తీరాలని చట్టమే ఉంది, అక్కడి సుప్రీంకోర్టు 2015లోనూ 2021లోనూ దాన్ని సమర్థించింది. ఐర్లండువారి పాత భాషలో ఆడదాని ఇంటిపేరు ముందు కూతురైతే ఒక మాట, కోడలైతే ఇంకో మాట. పేరు వినగానే పెళ్ళయిందో లేదో తెలిసిపోతుంది, మన మెడలో సూత్రం ఉన్నట్టు! కెనడాలోని క్విబెక్‌లో మాత్రం 1981 నుంచీ పెళ్ళయినా పుట్టింటిపేరే. అక్కడి కాపురాలేవీ ఆ కారణంగా కూలిపోలేదు.

మా అన్నయ్య కూతురికి సంబంధం కుదిరింది. విశాఖపట్నంలో ఉద్యోగం, చదువంతా మా ఇంటిపేరు మీదే ఉంది, అదే ఉంచుకుంటానంది. పెళ్ళికొడుకు సరేనన్నాడు. వాళ్ళమ్మగారే ఒప్పుకోలేదు. "మా ఇంటి కోడలు మా ఇంటిపేరు పెట్టుకోకపోతే నలుగురూ ఏటనుకుంటారు వదినా?" అన్నారు నాతో.

"మీ పుట్టింటివారి ఇంటిపేరేటి వదినా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు ఊరుకుని, తరవాత చెప్పారు. పక్కనే కూర్చున్న వాళ్ళ చెల్లెలు, "ఓలప్పా, నీ నోట ఆ మాటిని ఎన్నేళ్ళయిందే!" అని నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు, కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆలోచించుకుని చెబుతామన్నారు. శుభలేఖలు ఇంకా అచ్చుకివ్వలేదు.