అర్థం అడగని చెవులు

పుష్య బహుళ పంచమి నాడు తిరువైయారులో, కావేరి ఒడ్డున, త్యాగరాజ సమాధి ముందు విద్వాంసులు ఎదురెదురు వరసల్లో బాసింపట్లు వేసుకుని కూర్చుని పంచరత్న కీర్తనలు పాడతారు. మొదటిది, నాట రాగంలోది, సంస్కృతం. మిగిలిన నాలుగూ తెలుగు. పాడేవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తమిళం. చేతిలో పుస్తకం ఉంటే అదీ తమిళ లిపిలోనే. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఉన్నది ఒక్కటే అక్షరం. అందుకని అక్కడి సంగీత పుస్తకాలవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. అక్షరం నెత్తిన చిన్న అంకె వేస్తారు. 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. తక్కిన వర్గాలకూ అంతే. దూరం నుంచి చూస్తే ఆ పేజీ ఎక్కాల పుస్తకంలా ఉంటుంది. భాష రాకపోయినా పలుకు చెడగూడదని పడిన తంటా అది.

ఈ సంగతి చెప్తే మనవాళ్లు వెంటనే మురిసిపోతారు. తెలుగు అజంత భాష, సంగీతం కోసమే పుట్టింది, అందుకే అరవవాళ్లు కూడా తలవంచారు అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అచ్చు మీద గొంతు నిలబడుతుంది, హల్లు మీద నిలబడటం కష్టం. కానీ హల్లులతో ముగిసే మాటలు కిక్కిరిసిన జర్మన్‌లో షూబర్ట్ పాటలు ఉన్నాయి. అరబ్బీలో ఉమ్ కుల్సుమ్ ఉంది. ఆ భాషల్లో ఒక్క ముక్క రానివాళ్లు ఆ పాటలకు చెవి కోసుకుంటారు. కాబట్టి గొప్పంతా అజంతానికే కట్టబెట్టలేం. త్యాగయ్యది ఒక పాలు. మాట తెలియకపోయినా కూర్చుని విన్నవాళ్లది మరో పాలు. ఈ రెండో పాలును మనం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోం.

త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టి 1847లో తిరువైయారులో పోయాడు. తంజావూరు నాయకరాజుల కొలువులో, ఆ తర్వాత మరాఠా రాజుల కొలువులో తెలుగు పాటకు గౌరవం ఉండేది. అప్పటి విద్వాంసులకు తెలుగు వచ్చేది కూడా. తరాలు గడిచేకొద్దీ భాష ఆ ఇళ్లలోంచి జారిపోయింది, పాట మిగిలింది. ఉమయాల్పురం, తిల్లైస్థానం, వాలాజాపేట శిష్యపరంపరలు ఆ కీర్తనలను మోసుకొచ్చాయి. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఇంటి భాష తెలుగూ కాదు, తమిళమూ కాదు, సౌరాష్ట్రం. ఇరవయ్యో శతాబ్దంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరు, శ్రీపాద పినాకపాణి (1913–2013), తెలుగు కీర్తనలకు మంచి పాఠాంతరం కావాలని మద్రాసులో రంగరామానుజ అయ్యంగార్ దగ్గర కూర్చోవలసి వచ్చింది. అక్కడ పట్టుకొచ్చినదే వోలేటి వెంకటేశ్వర్లుకు, నేదునూరి కృష్ణమూర్తికి, నూకల చిన సత్యనారాయణకు చేరింది. మన పాటను మనకు తిరిగి అప్పగించింది తమిళ గొంతులు.

తమిళనాట తెలుగు పాట ఆధిపత్యాన్ని అందరూ తలవంచుకుని ఒప్పుకోలేదు. ఎక్కడికి వెళ్లినా అవే కీర్తనలు, పాడేవాడికే అర్థం తెలియని మాటలు, ఇక రసం ఎక్కడినుంచి వస్తుందని సుబ్రహ్మణ్య భారతి అప్పట్లోనే విసుక్కున్నాడు. తెలుగును సుందరమైన భాష అని మెచ్చుకున్న కవే ఆయన, కనుక అది ద్వేషం కాదు. 1941లో చిదంబరంలోని అణ్ణామలై విశ్వవిద్యాలయంలో జరిగిన సభ కచేరీల్లో తమిళ పాటలకు పెద్దపీట వేయాలని తీర్మానించింది. రాజా అణ్ణామలై చెట్టియార్ డబ్బు, రాజాజీ మద్దతు, కల్కి కలం దాని వెనక ఉన్నాయి. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఎదురు నిలిచింది. 1943లో తమిళ ఇసై సంగం ఏర్పడింది. అప్పటిదాకా తమిళ పాట కచేరీ చివర్లో తుక్కడాగా వినబడేది, ప్రధాన స్థానం దక్కేది కాదు. తమ ఊళ్లో, తమ ముందు, తమ భాషకు చోటెక్కడని అడగటంలో తప్పేముంది? విజయవాడలో కచేరీ అంతా తమిళంలో సాగితే మనం ఊరుకుంటామా?

ఈ గొడవ మనకే ప్రత్యేకం కాదు. 1711లో లండన్‌లో హాండెల్ ఇటాలియన్ ఒపేరా ‘రినాల్డో’ ఆడినప్పుడు జోసెఫ్ అడిసన్ తన పత్రిక ‘స్పెక్టేటర్’లో ఎద్దేవా చేశాడు. అంతకుముందు కొన్నాళ్లు రాజు ఇటాలియన్‌లో పాడితే బానిసలు ఇంగ్లీషులో జవాబు చెప్పే విచిత్రం నడిచిందట. సగం అర్థం చేసుకోవడం కూడా విసుగై చివరికి అంతా ఇటాలియనే చేసుకున్నారని, సొంత దేశంలో పరాయివాళ్లలా ఎందుకు కూర్చున్నారో అని మునిమనవలు వింతపడతారని ఆయన రాశాడు. మునిమనవలు వింతపడలేదు, టిక్కెట్లు కొన్నారు. వేదిక పైన తెర మీద పాట అర్థం వేసే పద్ధతి టొరంటోలో మొదలైంది 1983లో. అంతదాకా రెండున్నర శతాబ్దాలకు పైగా తెలియకుండానే విన్నారు.

అడిసన్‌దీ భారతిదీ ఒకే ఫిర్యాదు అనిపిస్తుంది గానీ, అందులో రెండు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి పాడేవాడి మీద, రెండోది వినేవాడి మీద. మొదటిది న్యాయం. రెండోదే మాకు మింగుడుపడదు.

అసలు కచేరీలో కూర్చున్న తెలుగు శ్రోతకు మాత్రం ఎంత అందుతోంది? పల్లవిలో మొదటి మాట ఈ ఆవర్తనంలో మొదలై వచ్చే ఆవర్తనంలో ముగుస్తుంది. మధ్యలో అంతా అకారమే. సంగతి మీద సంగతి పడుతుంది. నెరవల్‌కు ఎంచుకున్న పాదం పదిసార్లు తిరిగేసరికి అర్థం చెప్పవలసింది చెప్పేసి పక్కకు తప్పుకుంటుంది. ఆపైన పని రాగానిది. పైగా త్యాగయ్య తెలుగు రెండువందల ఏళ్లనాటి తంజావూరు తెలుగు. చాలా కీర్తనలకు మనకూ వ్యాఖ్యానం కావాలి. అరవై ఏళ్లుగా కచేరీలు వింటున్న పెద్దాయన్ని పట్టుకుని ఫలానా చరణం తాత్పర్యం చెప్పమంటే, కళ్లు మూసుకుని రాగం పేరు చెప్తాడు. అర్థమయ్యేవాళ్లు, అర్థం కానివాళ్లు అనే గీత మనం అనుకున్నంత గట్టిగా లేదు.

మాట లేకుండా చెవికి ఎంతవరకు అందుతుందో పరిశోధకులు కొలిచి చూశారు. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో లోకంలోని చిన్న చిన్న సమాజాల పాటలు, ఒక్కొక్కటి 14 సెకన్ల ముక్క, 60 దేశాల శ్రోతలకు వినిపించి ఇది దేనికి పాడే పాట అని అడిగారు. నాట్యం పాటను, జోలపాటను ఇట్టే పట్టేశారు. రోగం నయం చేయడానికి పాడేవీ కొంతవరకు పట్టుకున్నారు. తడబడింది ప్రేమ పాట దగ్గర. వలపు సంగతి మాట చెప్తే తప్ప తెలియదన్నమాట.

దీనికి మంచి సాక్ష్యం ఒక జపాన్ పాట. 1963 జూన్‌లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. పాడిన క్యూ సకమోతోకు అప్పటికి 21 ఏళ్లు. హాయిగా నడిచే వరస, మధ్యలో ఈల. మాటలేమో కన్నీళ్లు కిందికి జారకుండా తలెత్తి నడుస్తున్న ఒంటరి మనిషివి. అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దని 1960లో టోక్యోలో జరిగిన నిరసనల నుంచి నిరాశతో ఇంటికి నడిచి వస్తుండగా పాట రాసిన రొకుసుకే ఎయ్‌కు తట్టిన భావమది అని చెప్తారు. ఆ నిరాశను కొనుక్కుని చిందులేసింది అమెరికా కుర్రకారే! జపాన్ పేరు నోరు తిరగదని పడమటి దేశాలవాళ్లు దానికి ‘సుకియాకి’ అని పేరు పెట్టారు. అది ఒక మాంసం వంటకం. పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ శ్రోతలు మోసపోయారనడానికి మాకు మనసొప్పదు. కారణం చేరలేదు, కాస్త దిగులు మాత్రం చేరే ఉంటుంది. ఆ వరసలో అది ఉంది మరి. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లకు చంద్రబోస్ రాసిన పల్లెటూరి ముచ్చట్లలో ఎన్ని అందాయి? ఆ లెక్క మనం అడగలేదు, సంబరం చేసుకున్నాం.

మాట తెలియకపోతే నిజంగా నష్టపోయేది పదం. మొవ్వ క్షేత్రయ్య పదాల్లో నాయిక అన్నది ఒకటి, అనుకున్నది ఒకటి, దాచినది ఇంకొకటి. ఆ పదాలను శతాబ్దాల పాటు కాపాడింది తమిళనాడు దేవదాసీ కుటుంబాలు. వీణ ధనమ్మాళ్ (1867–1938) మద్రాసు జార్జిటౌన్ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వాయించేది. చప్పుడు చేస్తే ఆమెకు గిట్టదని పెద్ద పెద్ద విద్వాంసులు కూడా ఒద్దికగా కూర్చునేవారట. ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త ఆ పదాలను గొంతులో పెట్టుకున్నారు. మరో మనుమరాలు బాలసరస్వతి (1918–1984) చేతుల్లోకీ కళ్లలోకీ తెచ్చింది. ఆమె దగ్గర చూడవలసినది ఇక్కడుంది. పదంలో పాదం అదే, వరస దాదాపు అదే, మళ్లీ మళ్లీ తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ చెయ్యి ఒక కొత్త తాత్పర్యం చెప్తుంది. ఒకసారి నిష్ఠూరం, ఒకసారి వెక్కిరింత, ఒకసారి లొంగిపోవడం. ఆడుతూ తానే పాడేది కూడా. 1963లో ఎడింబరో ఉత్సవంలో చూసినవాళ్లకు తెలుగెక్కడ వచ్చు? వాళ్లకు మాట అందలేదు, మనసు అందింది. అలా అందించాలంటే ముందు తనకు తెలియాలి. అందుకే ఆమె కూచిపూడి గురువు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి దగ్గర అభినయం నేర్చుకుంది. ఆయనకు తెలుగు పదం కొట్టినపిండి.

హైదరాబాదు ఖవ్వాలీలోనూ ఇలాంటి తెలివే ఒకటి ఉంది. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఫారసీ కలాం పాడుతున్నప్పుడు ఎదురుగా కూర్చున్న ఉర్దూవాళ్లలో ఫారసీ వచ్చినవాళ్లు తక్కువ. ఖవ్వాలు అది పసిగట్టి మధ్యలో ఒక ఉర్దూ షేర్ తెచ్చి ముడేస్తాడు. దాన్ని గిరహ్ అంటారు. ఆ ముడి పడగానే వెనక వరసలో ఉన్నవాడూ తల ఊపుతాడు. ఖవ్వాలు మళ్లీ ఫారసీలోకి వెళ్లిపోతాడు. వినేవాడిని పరీక్ష పెట్టకుండా దారి చూపించడం అంటే అది.

కనుక వినేవాడికి రాయితీ ఉంది, పాడేవాడికి లేదు. మన సినిమా గాయనీగాయకులు దీన్ని చక్కగా గ్రహించారు. విజయనగరం పి. సుశీలకు జాతీయ పురస్కారం మొదట వచ్చింది 1968 నాటి తమిళ చిత్రానికి. రేపల్లె వైపు నుంచి వెళ్లిన ఎస్. జానకికి మొదటిది తమిళానికి, రెండోది మలయాళానికి. మన ‘మేఘసందేశం’కు ఆ గౌరవం దక్కించుకున్న జేసుదాస్ మలయాళీ. పాట కాగితం తమ లిపిలో రాసుకుని, కవి దగ్గర అర్థం అడిగి, ఎక్కడ ఊపిరి తీయాలో గుర్తులు పెట్టుకుని మైకు ముందు నిలబడటం ఆ తరానికి అలవాటు. ఇవాళ శాస్త్రీయ కచేరీల్లో కొందరు మాటను నడుమకు విరిచి, సగాన్ని పక్కమాటకు అతికించి, ధీమాగా సాగిపోతుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. భాష ఇంట్లోదే కదా అన్న భరోసా వాళ్లది. నెత్తిన అంకెలు వేసుకున్న పుస్తకం వాళ్లకు ఒకసారి చూపించాలి.

ఇక మన చెవుల సంగతి. తెలుగు పిల్ల సంగీతం క్లాసుకు వెళ్తే మొదట నేర్చుకునే మలహరి రాగంలోని పిళ్లారి గీతాలు కన్నడ పురందరదాసువి. అంటే మన సంగీతం చదువే పక్కింటి వాగ్గేయకారుడితో మొదలవుతోంది. అక్కడితో సరి. తమిళంలో రాసిన అరుణాచల కవి, గోపాలకృష్ణ భారతి, పాపనాశం శివన్ మన వేదికల మీద ఎన్నిసార్లు వినబడుతున్నారు? విద్వాంసుడు తమిళ పాట ఎత్తుకోగానే ముందు వరసలోంచి తెలుగు కీర్తన అడుగుతూ చీటీ వెళ్తుంది. తమకు తెలియని మన మాటలను తరతరాలు ఓపిగ్గా విన్న శ్రోతల దగ్గరినుంచి మనం నేర్చుకున్నది ఇదేనా?

సభల నిర్వాహకులకు మా మనవి ఒకటే. కళాకారుల్ని పిలిచేటప్పుడు ‘అన్నీ తెలుగే పాడండి’ అనే షరతు మానండి. కావాలంటే పాట భావం నాలుగు వాక్యాల్లో అచ్చువేసి కుర్చీల్లో పెట్టండి, ఖర్చు ఎంతో కాదు. పాఠకులకు ఇంకొకటి: ఈ ఏడు త్యాగరాజ ఉత్సవాల్లో ఏ విద్వాంసుడైనా అరుణాచల కవిని ఎత్తుకుంటే చీటీ జేబులోనే ఉంచండి. రాయకుండా ఉండలేకపోతే, తర్వాత గోపాలకృష్ణ భారతి పాట ఒకటి పాడమని రాసి పంపండి.